పాత విశాఖ హార్బరు ఫొటోలు: ట్రంకుపెట్టెలోంచి తీసింది మొదలు పేర్లు రాసేదాకా

"మా తాతగారి ట్రంకుపెట్టెలో హార్బరు ఫొటోలు దొరికాయండీ, ఏం చేయాలి?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తోంది. ఒక్కొక్కరికి ఫోన్లో చెబితే సగం మర్చిపోతున్నారు, సగం తలకిందులు చేస్తున్నారు. అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను.

బ్రిటిష్ కాలం నాటి విశాఖ రేవు, నేవీ, పాత ఊరు, అక్కడి మనుషుల ఫొటోలు చేతికొస్తే ఏం చేయాలో ఇందులో ఉంది. భీమిలి, కాకినాడ రేవుల ఫొటోలకూ చాలావరకు ఇదే పద్ధతి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఆ కాలపు ఫొటోల కింద ఓడ పేరు ఉంటుంది, తెల్ల ఆఫీసరు పేరు ఉంటుంది. పక్కనే తాడు పట్టుకుని నిలబడ్డ కలాసీ పేరు, ఖనిజం గంప ఎత్తుకున్న ఆవిడ పేరు ఉండవు. "నేటివ్స్" అనో "కూలీలు" అనో ఉంటుంది, అంతే. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో, తొంభైల్లో ఉన్నారు. స్కానరు వచ్చే నెల కూడా దొరుకుతుంది. అందుకే ఈ వరసలో స్కానింగ్ కంటే ముందు మనుషుల్ని అడగడం పెట్టాను. దయచేసి ఆ వరస మార్చకండి.

1. ముందు సరంజామా, చోటు

కిటికీ పక్కన వెలుతురు వచ్చే బల్ల చాలు. ఫ్యాను ఆపండి. కాఫీ, మంచినీళ్ల గ్లాసు ఆ బల్ల మీద వద్దు. వానాకాలం తడిగాలిలో ఈ పని పెట్టుకోకండి. విశాఖ గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే, కాబట్టి పొడిగా ఉండే డిసెంబరు, జనవరి నెలలు మేలు.

దగ్గర ఉంచుకోవాల్సినవి:
- ఉతికిన తెల్లటి నూలు గుడ్డ, బల్ల మీద పరచడానికి
- ఇంతవరకు వాడని మెత్తటి మేకప్ బ్రష్షు ఒకటి
- గాలి ఊదే రబ్బరు బ్లోయరు (కెమెరా షాపుల్లో దొరుకుతుంది)
- భూతద్దం
- 2బి పెన్సిలు, గీతల నోటుబుక్కు
- నల్ల చార్టు కాగితం
- నెగటివ్‌లు ఉంటే నైట్రైల్ గ్లౌజులు
- మాటలు రికార్డు చేయడానికి ఫోను

ప్రింట్లు పట్టుకోవడానికి నూలు గ్లౌజులు వద్దు. వాటి దారాలు పెళుసెక్కిన అంచులకు తగులుకుని చించేస్తాయి. సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, ఫొటో అంచులు మాత్రమే పట్టుకుంటే చాలు.

2. మొదటి రోజు ఏదీ విడదీయకండి

పెట్టె తెరిచిన వెంటనే ఫొటోలన్నీ తీసి సైజుల వారీగా పేర్చేయాలనిపిస్తుంది. వద్దు. ఏ ఫొటో దేని పక్కన ఉంది, ఏ కవర్లో ఉంది, ఆల్బమ్‌లో ఎన్నో పేజీలో ఉంది అన్నది కూడా సమాచారమే. ఒకే కవర్లో ఉన్న ఆరు ఫొటోల్లో ఒకదాని వెనక తేదీ ఉంటే, మిగతా అయిదింటికీ అది ఆధారమవుతుంది.

కాబట్టి పెట్టె ఎలా ఉందో అలాగే పైనుంచి ఫోనుతో ఫొటో తీయండి. తర్వాత ఒక్కో పొర తీస్తూ మళ్లీ తీయండి. ఒక్కోదానికి నోటుబుక్కులో నంబరు వేయండి: 1, 2, 3. అంతే, గొప్ప కోడ్‌లు అక్కర్లేదు. ఫొటో మీద మాత్రం ఇప్పుడే ఏమీ రాయకండి.

విడదీయకూడనివి మూడు ఉన్నాయి.

ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటో. నేను మొదట్లో ఒకటి లాగాను. ఇద్దరి ముఖాలు అద్దం మీదే ఉండిపోయాయి, వాటిని తిరిగి తేలేకపోయాను. అద్దంతోనే స్కాన్ చేయండి, అద్దంతోనే దాచండి.

ఒకదానికొకటి అంటుకున్న ప్రింట్లు. నీళ్లలో నానబెడితే ఊడతాయని కొందరు చెబుతారు. కొన్ని ఊడతాయి, కొన్నిటి మీద బొమ్మ కరిగిపోతుంది. ఏది ఏదో తెలియనప్పుడు ఆ పని మీది కాదు, ఫొటోలు బాగుచేసే నిపుణులది.

చెడిపోతున్న ఫిలిం నెగటివ్‌లు. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే అది పాడవుతున్న ఎసిటేట్ ఫిలిం. మిగతా వాటికి దూరంగా, గాలి ఆడేచోట పెట్టి త్వరగా కాపీ తీయించండి. జిగురుగా, గోధుమరంగుకు తిరిగి, ఘాటు వాసన వస్తుంటే నైట్రేట్ ఫిలిం కావచ్చు. 1950ల తొలినాళ్ల దాకా అది వాడుకలో ఉంది, చాలా తేలిగ్గా మండుతుంది. గాలి చొరబడని డబ్బాలో బిగించకండి, ఎండలో పెట్టకండి, స్కానరు వేడి కూడా తగలనివ్వకండి. అంచు మీద "సేఫ్టీ" అన్న ఇంగ్లీషు మాట ఉంటే అది నైట్రేట్ కాదు, కంగారు అక్కర్లేదు.

3. ఫోనుతో పని కాపీ

ఇది శాశ్వతమైన కాపీ కాదు, పెద్దవాళ్లకు చూపించడానికి. నల్ల చార్టు మీద ఫొటో పెట్టండి. కిటికీ వెలుతురు పక్కనుంచి పడాలి. ఫ్లాష్ ఆపేయండి. ఫోను ఫొటోకు సరిగ్గా పైన, సమాంతరంగా ఉండాలి, లేకపోతే ఒక పక్క పొడుగ్గా వస్తుంది. వెనకవైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, పెన్సిలు అంకె, సగం చెరిగిన మాట, ఏదైనా సరే.

తర్వాత ఒక్కోదాన్ని ఎ4 కాగితం నిండా సాదా ప్రింటు తీయించండి. ఎనభై అయిదేళ్ల మామ్మకు రెండంగుళాల ఫొటోలో ముఖాలు కనపడవు. చిన్న ఫొటో చూపిస్తే "ఏటో బాబూ, తెలీదు" అంటారు. అదే ఫొటో ఎ4 సైజులో చూడగానే "ఈడు మా సిన్నాన్న కొడుకు కాదేటి?" అంటారు. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

4. పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. ఒక కుటుంబం ఫొటోలు నేను మూడు వారాలు ముద్దుగా స్కాన్ చేసుకుంటూ కూర్చున్నాను. పూర్తయ్యాక పాత ఊళ్లో వాళ్ల పెద్దమ్మగారి ఇంటికి వెళితే, అప్పటికి పది రోజుల క్రితమే ఆవిడ పోయారు. ఆ ఫొటోల్లో పద్నాలుగు మంది ఉన్నారు. ఇప్పటికీ ముగ్గురి పేర్లే తెలుసు.

ఎలా అడగాలి:

ఒక్కసారికి పది ఫొటోలకు మించి వద్దు. గంట దాటితే అలసిపోతారు. అలసిపోయాక చెప్పే పేర్లు తప్పుతాయి.

జవాబు మీరే అందించే ప్రశ్న వేయకండి. "ఈయన మీ తాతగారే కదూ?" అంటే పెద్దవాళ్లు మర్యాదకైనా అవునంటారు. "ఇందులో మీకు తెలిసినవాళ్లు ఉన్నారా మామ్మా?" అని ఆగండి. కాసేపు ఎవరూ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. ఆ మౌనంలోనే గుర్తొస్తాయి.

పేరు చెప్పగానే అక్కడితో ఆపకండి. ఇంటిపేరు, వరస, పేట, చేసిన పని అడగండి. హార్బరు పని అంటే వంద రకాలు: సరంగా (కలాసీల పెద్ద), తిండేలా (సరంగు కింది పెద్ద), కలాసీయా, క్రేను మీదా, డ్రెడ్జరు మీదా, రైల్వే యార్డులోనా, సముద్రం మీద తెప్పలోనా. "హార్బరులో ఉద్యోగం" అని రాసుకుంటే తర్వాత ఎవరికీ ఉపయోగపడదు.

ఏ సంవత్సరం అని అడిగితే చాలామంది చెప్పలేరు. కానీ ఊరు మొత్తం గుర్తుపెట్టుకున్న సంఘటనకు ముందా, తర్వాతా అంటే చెబుతారు. విశాఖలో అడగడానికి పనికొచ్చే గుర్తులు ఇవి:

- హార్బరు తెరిచింది: తొలి ఓడ జలదుర్గ లోపలికి వచ్చింది 1933 అక్టోబరు 7న. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ చేతుల మీదుగా ప్రారంభోత్సవం.
- బాంబులు పడ్డ రోజు: 1942 ఏప్రిల్ 6, జపాను విమానాలు. ఊరు ఖాళీ అయిన రోజులు ఇవే.
- ఆంధ్ర యూనివర్సిటీని గుంటూరు తరలించింది కూడా 1942లోనే.
- రంగం (బర్మాలోని రంగూన్) నుంచి మనవాళ్లు నడిచి తిరిగొచ్చింది: 1942.
- నావికుల సమ్మె: 1946 ఫిబ్రవరి. బొంబాయిలో మొదలై ఇక్కడికీ పాకింది.
- ఇక్కడి షిప్‌యార్డులో కట్టిన జల ఉష ఓడ నీళ్లలోకి దిగింది: 1948 మార్చి 14, నెహ్రూ వచ్చిన రోజు.

"బాంబులు పడ్డప్పటికి మీ అన్నయ్యకు పెళ్లయిందా?" అనే ప్రశ్న "ఇది ఏ సంవత్సరం?" కంటే పదిరెట్లు పనిచేస్తుంది.

రికార్డు చేసే ముందు అడిగి చేయండి. రికార్డు మొదట్లో తేదీ, చెప్పేవారి పేరు, ఫొటో నంబరు మీ గొంతుతో చెప్పండి. "ఇప్పుడు ఏడో నంబరు ఫొటో" అని ప్రతిసారీ పైకి అనండి. లేకపోతే తర్వాత వినేటప్పుడు ఏ మాట ఏ ఫొటోదో తెలియక టెన్షన్ పడతారు.

ఇద్దరు పెద్దవాళ్లను విడివిడిగా అడగండి. ఒకే గదిలో ఉంటే ఒకరు చెప్పిందానికి రెండోవారు సరేనంటారు. ఇద్దరూ వేర్వేరు పేర్లు చెబితే రెండూ రాసుకోండి. ఎవరు కరెక్టో మీరు తేల్చకండి.

5. శుభ్రం చేయడం, అదీ కొంచెమే

బ్లోయరుతో దుమ్ము ఊదండి. పోకపోతే బ్రష్షుతో మధ్యలోంచి అంచులవైపు తేలిగ్గా తుడవండి. ఇంతటితో ఆపేయండి.

తడిగుడ్డ, స్పిరిట్, కొలోన్, రబ్బరు, బ్రెడ్డు ముక్క, ఏవీ వద్దు. నోటితో ఊదినా తుంపర పడుతుంది. బూజు పట్టినదాన్ని తుడిస్తే బూజు లోపలికి రుద్దుకుంటుంది, పక్క ఫొటోలకూ అంటుతుంది. దాన్ని విడిగా కాగితం కవర్లో పెట్టి, పొడిగా ఉండే గదిలో కొన్నాళ్లు ఆరనివ్వండి. ఆరిన బూజు బ్రష్షుకు తేలిగ్గా వస్తుంది. అదీ ముక్కుకు మాస్కు కట్టుకుని, ఇంటి బయట.

6. స్కానింగ్

మూత తెరిచి పెట్టే ఫ్లాట్‌బెడ్ స్కానరే వాడండి. కాగితాన్ని లోపలికి లాగే రకం పాత ఫొటోలకు పనికిరాదు. కొనేటప్పుడో అద్దెకు తీసుకునేటప్పుడో సీసీడీ రకమా, సీఐఎస్ రకమా అని అడగండి. సీఐఎస్ స్కానరుకు గాజుకు అంటి ఉన్నదే స్పష్టంగా వస్తుంది. ఒంగిపోయిన అట్ట ఫొటో, ఫ్రేము అద్దం వెనకున్న ఫొటో సీసీడీలోనే బాగా వస్తాయి.

సెట్టింగులు:
- మామూలు ప్రింట్లు: 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క)
- రెండున్నర అంగుళాల కంటే చిన్నవి: 1200 డీపీఐ
- నెగటివ్‌లు: 2400 నుంచి 3200 డీపీఐ
- నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే స్కాన్ చేయాలి
- అసలు ఫైలు టిఫ్‌లో (నాణ్యత తగ్గని ఫైలు రకం), పంపుకోవడానికి జేపెగ్ కాపీ
- షార్పెన్, డస్ట్ రిమూవల్, ఆటో కలర్: అన్నీ ఆఫ్

రంగుల్లో ఎందుకంటే, పసుపు మరక ఎక్కడుంది, రాసిన సిరా ఏ రంగు, వెండి తేలిన మెరుపు ఎక్కడుంది అన్నవి కూడా కాలం కట్టడానికి పనికొస్తాయి. నాలుగు ఆరు అంగుళాల ప్రింటు 600 డీపీఐలో మామూలు రంగుల టిఫ్‌గా సుమారు 26 ఎంబీ వస్తుంది. వంద ఫొటోలకు, వెనకవైపులతో కలిపి, 6 జీబీ లోపే. చోటు చాలదని నాణ్యత తగ్గించాల్సిన పనే లేదు.

ఫొటో అంచు దాటి అట్ట మొత్తం రావాలి. అట్ట మీద ముద్రను కత్తిరించి బొమ్మ మాత్రమే స్కాన్ చేసినవాళ్లను చూశాను. స్టూడియో పేరు అక్కడే ఉంటుంది. వెనకవైపు ఖాళీగా కనిపించినా స్కాన్ చేయండి. వెలిసిపోయిన పెన్సిలు రాత కాంట్రాస్టు పెంచితే బయటపడుతుంది.

ఫైలు పేరులో తేదీ ఊహించి పెట్టకండి. ఇంటి గుర్తు, నోటుబుక్కు నంబరు, ముందా వెనకా అన్నది చాలు. తేదీ రేపు మారుతుంది, నంబరు మారదు.

ఇక్కడే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఏఐ యాప్‌లో పెట్టి ముఖం క్లియర్ చేయడం, రంగులు వేయడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు. మసకగా ఉన్న ముఖానికి ఆ యాప్ తను ఊహించిన కళ్లు, ముక్కు పెడుతుంది. అది మీ ముత్తాత ముఖం కాదు. పెద్దవాళ్లకు అలాంటిది చూపిస్తే గుర్తుపట్టాల్సిన మనిషిని కూడా గుర్తుపట్టరు. సరదాకు చేసుకుంటే ఫైలు పేరులోనే "మార్చినది" అని రాసి విడి ఫోల్డరులో పెట్టండి.

7. చోటు గుర్తించడం

విశాఖలో మనకు ఒక అదృష్టం ఉంది. హార్బరు చుట్టూ కొండలు కదలవు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ ఆకారం ఏ ఫొటోలో ఉన్నా దాన్నిబట్టి కెమెరా ఎక్కడుందో పట్టుకోవచ్చు.

ముందుగా ఫొటో తిరగబడిందేమో చూడండి. గాజు నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేస్తే కుడి ఎడమలు మారిపోతాయి, ఇది చాలాసార్లు జరిగింది. పాత ఊరి ఒడ్డున సముద్రంవైపు తిరిగి నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కుడిచేతివైపు ఉండాలి. ఓడ మీద నుంచి ఒడ్డును చూస్తే ఎడమవైపు కొండ, కుడివైపు ఊరు. దీనికి వ్యతిరేకంగా ఉంటే ఫొటో తిరగబడింది, లేదా అది విశాఖే కాదు.

కొండ కనిపించకపోతే మనుషుల్ని చూడండి. బోర్డు మీద అక్షరాలు, చొక్కా గుండీలు, చీర పైట ఏ భుజం మీద ఉంది. పైట ఒక్కటే చూసి తేల్చకండి, కుడి భుజం మీద వేసుకునే వాళ్లూ ఉన్నారు.

తర్వాత మూడు గుట్టలు. ఓడలు హార్బరులోకి వచ్చే ఛానెల్ పక్కన రాస్ హిల్ మీద చర్చి, పక్క గుట్ట మీద దర్గా, ఇంకో గుట్ట మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఈ మూడూ ఒకదానితో ఒకటి ఎలా పడుతున్నాయో చూస్తే కెమెరా నీటి మీద ఉందా, క్వే (ఓడలు ఆనే గట్టు) మీదా, యారాడ కొండవైపా అని తేలుతుంది. కాగితం మీద చిన్న పటం గీసుకుని కెమెరా స్థానం నుంచి గీతలు లాగండి. పిల్లల ఆటలా ఉంటుంది కానీ బాగా పనిచేస్తుంది.

అప్పటి ఫొటో తీసిన చోటుకే వెళ్లి ఇప్పుడు ఎలా ఉందో తీయాలని చాలామందికి ఉంటుంది. బీచ్ రోడ్డు, పాత ఊరి వీధుల వరకు తీసుకోండి. నేవీ ప్రాంతాలు, డాక్‌యార్డు, పోర్టు లోపలి భాగాలు ఫొటో తీయడం, డ్రోను ఎగరేయడం నిషేధం. ఈ విషయంలో "ఒక్కటే కదా" అనుకోకండి.

ఒక పెద్ద పొరపాటు: రంగం ఫొటోలను విశాఖవి అనుకోవడం. ఈ తీరం నుంచి వేలమంది స్టీమరెక్కి రంగం వెళ్లారు, అక్కడి స్టూడియోల్లో ఫొటోలు దిగి ఇంటికి పంపారు. అవన్నీ ఇదే ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. వెనక ముద్రలో రంగూన్ అని ఉందేమో ముందు చూడండి. రేవు ఫొటో అయితే వెనక కొండ ఉందా అన్నది గమనించండి. రంగూన్ నది ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ లాంటి కొండ లేదు.

8. కాలం కట్టడం

ఒక్క గుర్తును పట్టుకుని సంవత్సరం రాసేయడం అందరూ చేసే తప్పు. ప్రతి గుర్తూ "దీనికంటే ముందుది కాదు" లేదా "దీని తర్వాతది కాదు" అని మాత్రమే చెబుతుంది. రెండు వైపుల నుంచి మూసుకుంటూ రావాలి.

ముందు వస్తువును చూడండి. పల్చటి కాగితం మందపాటి అట్టకు అతికించి, గోధుమ పసుపు రంగులో ఉంటే 1890లకు ముందటి ఆల్బుమెన్ ప్రింటు కావచ్చు. ముదురు భాగాల్లో అంచుల దగ్గర వెండిలా మెరుస్తుంటే జెలటిన్ ప్రింటు, అంటే 1890ల తర్వాతది. కేవలం గోధుమరంగు చూసి పాతది అనకండి. 1930ల్లో కూడా స్టూడియోలు ముచ్చటకు ఆ రంగు వేసేవి. పోస్టుకార్డు వెనక మధ్యలో గీత ఉండి ఒక సగం ఉత్తరానికి, ఒక సగం చిరునామాకు ఉంటే 1902 కంటే ముందుది కాదు. పోస్టు ముద్ర మీద తేదీ కార్డు పంపిన రోజుది, ఫొటో తీసిన రోజుది కాదు. ఒకే బొమ్మను ఏళ్ల తరబడి అమ్మేవారు.

తర్వాత బొమ్మలో ఉన్నది చూడండి.

ఓడలు దూరంగా సముద్రంలో లంగరు వేసుకుని ఉండి, ఒడ్డుకు సరుకు మసూలా పడవల్లో వస్తుంటే 1933కు ముందు అయ్యే అవకాశం ఎక్కువ. మసూలాను గుర్తుపట్టడం తేలిక. ఎత్తైన ప్రక్కలు, మేకులు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన పలకలు. అలల దెబ్బకు విరగకుండా వంగడానికి అలా కుట్టేవారు. భూతద్దంలో కుట్లు కనపడతాయి. కానీ జాలర్ల పడవలు, తెప్పలు ఆ తర్వాత కూడా అలాగే ఉన్నాయి. సరుకు దించుతున్నారా, వల వేస్తున్నారా అన్నది చూడండి.

పెద్ద ఓడ క్వేకు ఆనుకుని ఉంటే 1933 తర్వాత.

నేవీ మనుషుల ఫొటోల్లో పేరు, జెండా, చిహ్నం మూడూ చూడాలి:
- రాయల్ ఇండియన్ మెరైన్ అని ఉంటే 1934 అక్టోబరుకు ముందు
- రాయల్ ఇండియన్ నేవీ, హెచ్.ఎం.ఐ.ఎస్. (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్) అని ఉంటే 1934 నుంచి 1950 జనవరి 26 లోపు
- ఐ.ఎన్.ఎస్. (ఇండియన్ నేవల్ షిప్) అని ఉంటే 1950 జనవరి 26 తర్వాత
- టోపీ చిహ్నంలో కిరీటం ఉంటే 1950కి ముందు, అశోక సింహాలైతే తర్వాత

యుద్ధం రోజుల్లో టోపీ రిబ్బను మీద ఓడ పేరు లేకుండా హెచ్.ఎం.ఐ.ఎస్. అక్షరాలు మాత్రమే ఉండవచ్చు. పేరు చెరిగిపోయిందని అనుకోకండి. ఇక్కడి స్థావరం పేరు హెచ్.ఎం.ఐ.ఎస్. సర్కార్స్, మన ఉత్తర సర్కారుల పేరు మీద పెట్టినదే. కాగితాల్లో "సర్కార్స్" అన్న మాట కనపడితే ఓడ అనుకుని వెతుకుతూ కూర్చోకండి, అది ఒడ్డు మీది స్థావరం.

ఇంకొన్ని:
- షిప్‌యార్డు నిర్మాణం కనిపిస్తే 1941 జూన్ 21 శంకుస్థాపన తర్వాత. బోర్డు మీద సింధియా (దాన్ని కట్టిన కంపెనీ) అని ఉంటే 1952 లోపు, హిందుస్థాన్ అని ఉంటే ఆ తర్వాత
- రైల్వే వ్యాగన్ల మీద బి.ఎన్.ఆర్. అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. 1952లో ఆ పేరు పోయింది, అయితే పాత వ్యాగన్ల మీద పెయింటు కొన్నాళ్లు ఉండే ఉంటుంది
- డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్, వెనక రిఫైనరీ ట్యాంకులు: 1957 తర్వాత
- ఔటర్ హార్బరు గోడలు: 1970ల తర్వాత

స్టేషను మీద వాల్తేరు అన్న బోర్డు చూసి బ్రిటిష్ కాలం అనేయకండి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం ఆ పేరే ఉంది.

9. వివరం రాయడం

ప్రతి ఫొటోకు ఒక పేజీ. ఇందులో ఉండాల్సినవి:

- నంబరు, ఎవరింటి నుంచి వచ్చింది
- సైజు, రకం, పరిస్థితి
- ముందూ వెనకా ఉన్న రాత, ఉన్నది ఉన్నట్టు, తప్పులతో సహా
- చోటు, దానికి ఆధారం
- కాలం: "1934–1942 మధ్య" లాగా, దానికి ఆధారం
- మనుషులు: మనం చూసేటప్పుడు ఎడమ నుంచి కుడికి, వెనక వరసతో మొదలుపెట్టి
- ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు
- ఖాయం, బహుశా, తెలీదు: ఈ మూడిట్లో ఏది

గుంపు ఫొటో అయితే ఎ4 ప్రింటు మీద ఒక్కో తల పక్కన అంకె వేసి, ఆ అంకెకు ఎదురుగా పేరు రాయండి. "తలపాగా ఆయన" అని రాస్తే, తలపాగా ఉన్నవాళ్లు నలుగురున్న ఫొటో రేపే వస్తుంది.

పాత రాతలో కూలీ, నేటివ్ లాంటి మాటలుంటే చెరపకండి. అది ఫొటోతో వచ్చిన సాక్ష్యం. దాన్ని కొటేషన్లలో ఉంచి, కింద మీ వివరం విడిగా రాయండి. "పేరు తెలియని తెల్ల చొక్కా కలాసీ, కుడిచేతిలో తాడు, సుమారు పాతికేళ్లు" అని రాసినా చాలు. ఆ వివరం చూసి ఎప్పుడో ఒకరు "మా తాత" అంటారు.

అసలు ఫొటో వెనక రాయాలనుకుంటే 2బి పెన్సిలుతో, అంచు దగ్గర, గట్టి గాజు మీద పెట్టి తేలిగ్గా నంబరు మాత్రమే. బాల్ పెన్ను అచ్చు ముందువైపు పొడుచుకొస్తుంది.

10. బయట వెతకడం

మీ ఫొటోకు జత ఇంకెక్కడైనా ఉండవచ్చు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ, ఇంపీరియల్ వార్ మ్యూజియం, కేంబ్రిడ్జి దక్షిణాసియా అధ్యయన కేంద్రం సేకరణల జాబితాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం ఎలాగూ చూడాల్సిందే. తేదీలు సరిచూసుకోవడానికి ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక పాత సంచికలు బాగా ఉపయోగపడతాయి.

వెతికినా ఏమీ దొరకలేదు అనేవాళ్లు ఎక్కువగా ఇప్పటి స్పెల్లింగుతో వెతికినవాళ్లే. ఇంగ్లీషులో వైజాగపటం, వైజాగపట్నం, వైజాగ్, వాల్టెయిర్ అని మార్చి మార్చి కొట్టండి. భీమిలికి బిమ్లీపటం, కాకినాడకు కోకనాడ. ఊరి పేరు లేకుండా ఓడ పేరుతో, రెజిమెంటు పేరుతో, రైల్వే పేరుతో కూడా వెతకాలి.

11. దాచడం

ఇనప బీరువాలో మధ్య అర మంచిది. అటక మీద వేడి, నేల దగ్గర చెమ్మ, బయటి గోడకు ఆనుకుంటే వానాకాలం ఊట. దేవుడి గదిలో పొగ.

- యాసిడ్ లేని కాగితం కవర్లు, లేదా పాలిప్రొపిలీన్, పాలిస్టర్ కవర్లు వాడండి
- ఘాటు వాసన వచ్చే పీవీసీ ప్లాస్టిక్ వద్దు
- జిగురు పేజీల ఆల్బమ్‌లు, లామినేషన్, సెల్లోటేపు, రబ్బరు బ్యాండు, గుండుసూది వద్దు
- కలరా ఉండలు వద్దు. వాటి ఆవిరి ఫొటోలకు మంచిది కాదు
- సిలికా జెల్ సంచులు పెడితే, రంగు మారగానే మార్చండి
- ఏడాదికి రెండుసార్లు తెరిచి చెద, వెండిపురుగులు చూడండి

స్కాన్ ఫైళ్లు మూడు చోట్ల: ఇంట్లో ఒక డిస్కు, క్లౌడ్‌లో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఒకటి. తుఫాను ఊళ్లో ఉన్నాం, ఒకే వీధిలో రెండు కాపీలు పెట్టుకుంటే ఒకటి ఉన్నట్టే లెక్క.

12. పంచుకోవడం, తిరిగి ఇవ్వడం

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంటుగా పంపండి. పక్కనే వివరం పేజీ కూడా పంపండి, లేకపోతే మూడో ఫార్వర్డుకే "1900 నాటి విశాఖ" అయిపోతుంది.

భారత చట్టం ప్రకారం ఫొటోకు కాపీరైటు 2012 సవరణకు ముందు అది ప్రచురితమైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉండేది, ఆ సవరణ తర్వాత తీసినవారు పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. బ్రిటిష్ కాలపు ఫొటోల్లో ఎక్కువ వాటికి గడువు తీరిపోయింది. మ్యూజియంల నుంచి తీసుకున్న కాపీలకు మాత్రం వాళ్ల షరతులు చదివి పాటించండి. చట్టం ఒప్పుకున్నా ఇంటివాళ్లను అడగకుండా వాళ్ల అమ్మమ్మ ఫొటో ఎక్కడా పెట్టకండి.

అసలు ఫొటోలు ఇచ్చినవాళ్లకు చెప్పిన రోజుకు తిరిగి ఇచ్చేయండి. తీసుకున్నప్పుడు ఎన్ని అని రాసి సంతకం పెట్టి ఇస్తే, ఇచ్చేటప్పుడు లెక్క సరిపోతుంది. పేర్లు చెప్పిన ప్రతి పెద్దమనిషికీ ఒక మంచి ప్రింటు పట్టుకెళ్లండి. జాలరిపేటలోనో రైల్వే కాలనీలోనో ఉన్నా సరే, కవర్లో పెట్టి, వెనక మీ ఫోను నంబరు రాసి ఇవ్వండి.

ఆ ప్రింటు చూసి ఇంటికొచ్చిన చుట్టం ఎవరో ఫోను చేస్తారు. అప్పుడు ఆ ఫొటో పేజీ తీసి, "తెలీదు" అని ఉన్న చోట ఆ పేరు, ఎవరు చెప్పారు, ఏ తేదీ అన్నవి వెంటనే రాయండి.